ప్రోటోటైప్ లేని రైలు

ప్రోటోటైప్ అనే మాటకి మా ఆఫీసులో ఒక అర్థం, బొమ్మరైళ్ల వాళ్ల దగ్గర సరిగ్గా దానికి తిరగేసిన అర్థం. సాఫ్ట్‌వేర్‌లో ప్రోటోటైప్ అంటే అసలుది తయారవకముందు చేసి చూసుకునే నమూనా. మోడల్ రైల్వే వాళ్లకి ప్రోటోటైప్ అంటే పట్టాల మీద నిజంగా పరిగెత్తే రైలు. నమూనా దాని తర్వాతే వస్తుంది. రెండర్థాల్లోనూ ఒక నమ్మకం ఉంది: ముందో వెనకో, అసలుదంటూ ఒకటి ఉంటుందని. అది లేనిచోట నమూనా చేస్తే, ఆ నమూనా ఎవరికి జవాబు చెప్పాలి?

ఇది నాకు పుస్తకాల్లోంచి వచ్చిన ప్రశ్న కాదు. నేను కోనసీమ వాణ్ణి. హైదరాబాదులో ఫ్లాటులో, ప్లైవుడ్ పలక మీద, కాకినాడ నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లే రైలుదారి కడదామనుకున్నాను. అమలాపురానికి రైలు లేదు.

బయటివాళ్లకి ఇది పిల్లలాటలా కనిపిస్తుందిగానీ, దీని పట్టింపులు దీనికున్నాయి. అమెరికాలో ఈ అభిరుచి ఉన్నవాళ్లంతా 1935లో ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఎవరి చక్రాలు ఎవరి పట్టాల మీదైనా తిరగాలంటే కొలతలు కలవాలి కదా, ఆ కొలతలు రాసుకోడం వాళ్ల మొదటి పనుల్లో ఒకటి. ఏటా ఒక ఊళ్లో సమావేశమవుతారు. 2022లో సెయింట్ లూయిస్‌లో కలిశారు. అది రైళ్ల కూడలిగా పెరిగిన ఊరు. అక్కడ 1894లో కట్టిన యూనియన్ స్టేషను ఇప్పుడు హోటలు. వీళ్ల పోటీల్లో పనితనంతో పాటు, అసలుకి ఎంత సరిపోలిందన్న దానికి కూడా మార్కులుంటాయి.

ఆ లెక్కన మన రైళ్లకి మొదట్లోనే మార్కులు తెగుతాయి. బాగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ స్కేలు 1:87. బజార్లో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడే 1435 మిల్లీమీటర్ల గేజికి లెక్క. మన బ్రాడ్ గేజి 1676. అంటే 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. కొన్న పట్టాల మీద నడిపే ప్రతి భారతీయ రైలూ ఆ మేరకి అబద్ధమే. ఎవరూ బాధపడరు. ఇక చోటు సంగతి: కోటిపల్లి నుంచి నరసాపురం 57 కిలోమీటర్లు. ఇంకా చిన్నదైన 1:160లో కట్టినా 350 మీటర్లు దాటుతుంది. ఏ ఇంట్లోనూ పట్టదు. అందుకని ఏరుకుని కుదిస్తారు. స్టేషను ఉంచుతారు, మధ్యలో పొలాలు తీసేస్తారు. అంటే నమూనా అబద్ధమాడుతుందా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ అబద్ధం చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నదే ప్రశ్న.

అసలుది అక్కర్లేదనుకున్న వాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ అనే ఆయన తన ఇంటి బేస్‌మెంటులో కొండలూ లోయలూ వంతెనలతో ఒక రైల్వే కట్టాడు. పేరు గోరీ అండ్ డెఫీటెడ్. అదెక్కడా లేదు, ఆయన ఊహలో తప్ప. ఆయన 1973లో పోయిన కొద్దిరోజులకే అది మంటల్లో కాలిపోయింది. ఇప్పటికీ ఆ ఫోటోలు చూసి నేర్చుకునేవాళ్లున్నారు. దాన్ని అబద్ధమని ఎవరంటారు? కథల్లో లేని ఊళ్లు ఉండడంలేదా?

నాకూ ఈ వాదన చాలనిపించింది. మరి నా రైలు విషయంలో ఎందుకు సరిపోలేదు?

కాకినాడ నుంచి కోటిపల్లికి 1920లలో రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ 2004లోగానీ అక్కడ రైలు కూత వినపడలేదు. అమలాపురం నుంచి ఎన్నికై లోక్‌సభ స్పీకరైన బాలయోగి గారు పట్టుబట్టిన పనుల్లో ఈ రైలు ఒకటి. అది చూడకుండానే 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. కోటిపల్లి నుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటి నరసాపురం చేరే లైను 2000-01 బడ్జెట్లో మంజూరైంది. గౌతమిలో స్తంభాలు లేచాయి. ఏళ్ల తరబడి వాటి మీద గడ్డర్లు లేవు. పిల్లలు ఆ స్తంభాలు చూస్తూ పెద్దవాళ్లై, ఉద్యోగాలకి వెళ్లిపోయారు. వాళ్లలో నేనొకణ్ణి.

రాజోలు దగ్గరుండే మా మావయ్య హైదరాబాదు వచ్చినప్పుడు నా పలక చూశారు. కొబ్బరిచెట్ల మధ్య అమలాపురం స్టేషను, పసుప్పచ్చ బోర్డు, ఆగి ఉన్న రైలు. రైలెక్కాలంటే చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటి పాలకొల్లో నరసాపురమో వెళ్లాల్సిన మనిషాయన. కాసేపు వంగి చూసి, "ఆకలేసినోడికి అరిటాకు మీద అన్నం ముగ్గేసి చూపిస్తావేంట్రా?" అన్నారు.

"సరదాకి మావయ్యా," అన్నాను.

"సరదాయే. తప్పని నేనన్లేదుగా."

జాన్ అలెన్ రైలుకీ దీనికీ తేడా అక్కడుంది. ఆయన స్టేషన్లో రైలు కోసం ఎదురుచూసే మనిషి లేడు. మా దగ్గర ఉన్నాడు. లేనిదాన్ని ఊహించడం ఎవరి హక్కయినా కావచ్చు. ఒకడు ఎదురుచూస్తున్న దాన్ని వచ్చేసినట్టు చూపించడం వేరే పని. ఎన్నికల ముందు బ్యానర్ల మీద గ్రాఫిక్స్ చేసేదీ అదే. మా వృత్తిలోనూ ఉంది: వెనకాల ఏమీ నడవని స్క్రీనుని డెమోలో నడుస్తున్నట్టు చూపించడం. చూసేవాడికి సంగతి తెలిస్తే అది ప్రోటోటైప్, తెలియకపోతే మోసం. నా పలక ఎవర్నీ మోసగించదు, నిజమే. కానీ నన్ను ఊరడిస్తుంది. ఊరిని వదిలొచ్చినవాడికి ఊరి లోటు తీరినట్టు అనిపించడం అంత అమాయకమైన సంగతి కాదు. ఆ లోటు మోసేది నేను కాదు.

పోనీ, గడ్డర్లు లేని స్తంభాలే కడితే? నిజాయితీగా ఉంటుంది. కానీ అందులోనూ చిక్కుంది. సాయంత్రపు ఎండలో నదిలో ఒంటిస్తంభాలు ఎంత బావుంటాయో! దాటాల్సిన పనిలేనివాడికి అసంపూర్ణం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. శిథిలాల మీద కవిత్వం రాసేవాళ్లలో ఆ శిథిలంలో కాపురముండే వాళ్లెంతమంది?

దీనికి దారి ఆ అభిరుచిలోనే దొరికింది. నమూనా కట్టి ఊరుకోని వాళ్లుంటారు. టైంటేబుల్ పెట్టుకుని, ఒకరు కంట్రోలరుగా, ఒకరు డ్రైవరుగా గంటల తరబడి ఆ రైల్వేని నడుపుతారు. వ్యాగన్ ఏ సైడింగుకి వెళ్లాలి, ఎదురుబండి వచ్చేదాకా ఏది ఆగాలి, అన్నీ లెక్కే. ఎంఐటీలో 1946లో మొదలైన మోడల్ రైల్‌రోడ్ క్లబ్బులో కొందరికి పైనున్న బొమ్మఊరి కన్నా బల్లకింది స్విచ్చుల మీదే మోజు. హ్యాకింగ్ అనే మాట ఈ అర్థంలో వాళ్ల దగ్గరే పుట్టింది. బొమ్మలకొలువుకీ దీనికీ తేడా ఇదే. కొలువు చూడ్డానికి, ఇది నడపడానికి. నడపాలంటే ఆ పని చేసేవాళ్ల కష్టం ఎక్కడుందో తెలియాలి.

అలా ఆలోచిస్తే నమూనా సరిపోలాల్సింది వస్తువుతో కాదు, ప్రయాణంతో. రాజోలు మనిషి హైదరాబాదు ఎలా వస్తాడు, ముక్తేశ్వరం మనిషి కోటిపల్లికి ఎలా చేరతాడు, ఎక్కడ ఎంతసేపు నిలబడతాడు. ఆ నిలబడ్డ సమయం పలక మీద లేకపోతే, మిగతా కొలతలన్నీ సరిపోయినా అబద్ధమే. అది ఉంటే పట్టాలు రెండున్నర మిల్లీమీటర్లకి పైగా ఇరుకైనా పర్వాలేదు.

అమలాపురం స్టేషను తీసేశాను. పట్టాలు కోటిపల్లిలో ఆగిపోతాయి. తర్వాత నీళ్లు, స్తంభాలు. ఫోటో పంపితే మావయ్య ఫోన్ చేశారు.

"స్తంభాలు సరేరా, మరి జనం అవతలకెళ్లేదెలా? రేవులో పంటు పెట్టు. పొద్దున్న మొదటిది ఎన్నింటికో కనుక్కుని చెప్తాను."