మృతులను గూర్చి మాటలాడునప్పుడు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 1వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 9:36-42



పేరుపొందిన వ్యక్తి యొకడు చనిపోయిన మరునాడు మన కూడళ్లలో శ్రద్ధాంజలి బ్యానర్లు కట్టుట మీరు చూచియున్నారు. వాటిలో కొన్నింటియందు చనిపోయినవాని బొమ్మ ఒక మూలను చిన్నదిగా నుండును. చేతులు జోడించిన నాయకుని బొమ్మ నడుమ నిలువెత్తున నుండును. ఆ క్రింద ఆయన అనుచరుల ముఖములు వరుసగా నుండును. చనిపోయినదెవరో తెలిసికొనుటకు కొంతసేపు నిలిచి వెదుకవలసి వచ్చును. చూచినవారు నవ్వుకొని పోవుదురు. మేమును నవ్వుకొనినవారమే. అయితే ఈ నెల ఆ నవ్వును ప్రక్కన పెట్టి, ఒక ప్రశ్నను మీతో కలిసి ఆలోచింప గోరుచున్నాము. చనిపోయినవారిని గూర్చి మాటలాడునప్పుడు మనలను గూర్చి చెప్పుకొనుట తప్పా? తప్పయినచో, ఆ తప్పు ఎక్కడ నున్నది?

ఇది మన ప్రాంతమందు మాత్రమే జరుగునది కాదు. అమెరికా దేశమందు ఆరేతా ఫ్రాంక్లిన్ అను గొప్ప గాయని యుండెను. ఆమె తండ్రి డెట్రాయిట్ పట్టణములో న్యూ బెతెల్ బాప్టిస్టు సంఘమునకు కాపరి. ఆమె బాల్యమందు ఆ సంఘములోనే దేవుని పాటలు పాడెను. పెద్దదైన పిమ్మట లోకమంతట పేరుపొందెను. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమమునకు తన పాటతోను ధనముతోను తోడ్పడెను. 2018 ఆగస్టు 16వ తేదీన, 76 ఏండ్ల ప్రాయమున, ఆమె క్యాన్సరు వ్యాధివలన కన్నుమూసెను. ఆ దినముననే అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్ తన మంత్రుల సమావేశములో సంతాపము తెలిపెను. ఆమె తనకు బాగుగా తెలిసిన మనిషి యనియు, అనేక పర్యాయములు తనకొరకు పని చేసినదనియు మొదట చెప్పెను. ఆమె స్వరము దేవుడిచ్చిన గొప్ప వరమనియు, ఆమె దానిని చక్కగా వాడుకొనెననియు తరువాత చెప్పెను. ఆ రెండవ మాట మంచి మాట. దానిని మరచుట న్యాయము కాదు. అయినను మొదటి మాటయే జనుల మనస్సులలో ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఆగస్టు 31న డెట్రాయిట్‌లో జరిగిన అంత్యక్రియల ఆరాధనలో ఆల్ షార్ప్‌టన్ అను బోధకుడు లేచి, ఆమె ఆయన యెదుట పాడినదే గాని పనిచేసినది మాకొరకు అని అర్థము వచ్చునట్లు బదులు చెప్పెను.

జనులకు అంత నొప్పి ఎందుకు కలిగెను? ఆమె తన కచేరీలలో పాడియుండుట అబద్ధము కాకపోవచ్చును. కాని ఒక స్త్రీ డెబ్బదియారేండ్లు బ్రదికి, పాడి, కష్టపడి, కన్నుమూసినప్పుడు, ఆమెను గూర్చి చెప్పిన మొదటి మాటలలోనే ఆయన ఆమెను తన కొలువులో నిలువబెట్టెను. ఆ మాటలో ఆయన యజమానుడు, ఆమె పనిమనిషి.

ఇది ఒక పార్టీవారి తప్పు మాత్రమే యని ఎవరును తలంచరాదు. 2012 డిసెంబరులో డేనియల్ ఇనోయే అను సెనేటరు మరణించెను. ఆయన హవాయి దీవులవాడు, జపాను సంతతివాడు. 1945లో ఇటలీ దేశపు యుద్ధమందు తన కుడిచేతిని పోగొట్టుకొనెను. 1963 మొదలు మరణమువరకు సెనేటరుగా నుండెను. వాషింగ్టన్ నేషనల్ కెథీడ్రల్‌లో జరిగిన ఆరాధనలో అప్పటి అధ్యక్షుడు బరాక్ ఒబామా మాటలాడుచు, తన బాల్యమందు కుటుంబముతో చేసిన ప్రయాణమును, బసచేసిన మోటళ్లను, తన తల్లి రాత్రివేళ టెలివిజనులో వాటర్‌గేట్ విచారణను చూచుటను వివరించెను. ఆయన “నేను, నా” అను మాటలను మితిమీరి పలికెనని కొందరు పత్రికలవారు తప్పుపట్టిరి. ప్రయాణపు ముచ్చట్లు తగ్గించియుండిన బాగుండెడిదని మాకును తోచుచున్నది. అయితే ఆయన చెప్పదలచిన సంగతి వేరొకటి. నల్లజాతి తండ్రికిని తెల్లజాతి తల్లికిని పుట్టిన ఆ పిల్లవాడు, తక్కిన సెనేటర్లవలె కనబడని ఆ మనిషి అక్కడ గౌరవముతో కూర్చుండి ప్రశ్నలు వేయుట చూచి, తనకును ఈ దేశమందు చోటు కలదని గ్రహించెను. ఇది కూడ తనను గూర్చిన మాటయే. కాని ఇది ఋణము ఒప్పుకొనిన మాట.

ఈ భేదమును యొప్పేలోని విధవరాండ్రు మనకు నేర్పుచున్నారు. దొర్కా చనిపోయినప్పుడు, పేతురు మేడగదిలోనికి రాగానే వారందరు ఏడ్చుచు, ఆమె కుట్టియిచ్చిన అంగీలను వస్త్రములను ఆయనకు చూపిరి. ఆలోచించుడి: వారు తమ వంటిమీది బట్టలనే చూపిరేమో! తమను గూర్చి చెప్పకుండ ఆమెను గూర్చి చెప్పుట వారికి సాధ్యము కాదు. తాము బీదవారమని, ఆమె లేనియెడల తమకు వస్త్రము లేకపోయెడిదని ఆ బట్టలే సాక్ష్యమిచ్చెను. వారి కథ చెప్పుకొనిన కొలది దొర్కా గొప్పదాయెను. కాబట్టి మృతుల యొద్ద “నేను” అను మాట పలుకుటయే పాపము కాదు. నేను పొందితిని అనువాడు సాక్షి. నా మూలముగా ఆమెకు ఘనత కలిగెను అనువాడు మృతురాలి సొత్తుమీద చెయ్యి వేయుచున్నాడు.

రెండవ సమూయేలు మొదటి అధ్యాయములో ఇద్దరు మనుష్యులు సౌలు మరణమును గూర్చి మాటలాడుచున్నారు. ఒకడు అమాలేకీయుడు. సౌలు తన కత్తిమీద తానే పడి చనిపోయెనని దానికి ముందటి అధ్యాయము మనకు తెలుపుచున్నది. కాని వీడు కిరీటమును కంకణమును పట్టుకొని సిక్లగునకు వచ్చి, రాజును చంపినది తానేయని చెప్పెను. బహుమానము దొరకునని వీడు ఆశించినట్టు దావీదే తరువాత చెప్పియున్నాడు. రాజు మరణ కథలో తనకు లేని చోటును వీడు కల్పించుకొనెను. సౌలు లేచి కాదని చెప్పజాలడు గదా!

రెండవవాడు దావీదు. చెప్పుకొనుటకు ఆయనకు ఎంత కథ యుండెను! సౌలు ఆయనను అడవులలో కొండలలో తరిమెను. గుహలో ఒకసారి, పాళెములో ఒకసారి సౌలు ప్రాణము ఆయన చేతికి చిక్కినను ఆయన విడిచిపెట్టెను. తరువాత రాజు కావలసినవాడు ఆయనయే. ఈ కాలపు నాయకుడెవడైనను ఆ దినమున ఈ సంగతులన్నిటిని చెప్పుకొనియుండును. దావీదు పాడిన విలాపములో వీటిలో ఒక్కటియు లేదు. సౌలు యోనాతానుల బలమును, వేగమును చెప్పెను. సౌలు తమకు మంచి వస్త్రములు తొడిగించెను గనుక అతని కొరకు ఏడ్వుడని ఇశ్రాయేలు కుమార్తెలతో చెప్పెను. అక్కడను వస్త్రములే, ఇక్కడను వస్త్రములే! తనను గూర్చి చివరను మాత్రము చెప్పుకొనెను: యోనాతాను కొరకైన తన దుఃఖమును, యోనాతాను తనయెడల చూపిన ప్రేమను. అదియు పొందినదానిని గూర్చిన మాటయే.

ఇంతవరకు చదివి, ఈ మాట నాయకులకు బాగుగా తగిలెనని మీలో కొందరు సంతోషించుచుందురేమో. డెట్రాయిట్‌లోని ఆ అంత్యక్రియలలో జరిగిన మరియొక సంగతి వినుడి. ఆ ఆరాధన ఇంచుమించు ఎనిమిది గంటలు సాగెను. ప్రధాన ప్రసంగము చేసిన వృద్ధ బోధకుడు ఆమె తండ్రి భూస్థాపనలోను ప్రసంగించినవాడు. ఈసారి ఆయన నల్లజాతి కుటుంబముల స్థితిని గూర్చియు, వారిలో వారికి జరుగు హత్యలను గూర్చియు తనకు గల అభిప్రాయములను విప్పి చెప్పెను. ఆయన ఏబది నిమిషములు మాటలాడియు ఆమెను గూర్చి తగినట్లు చెప్పలేదని కుటుంబమువారు తరువాత బాధతో తెలియజేసిరి. అధ్యక్షుని మాటకు నొచ్చుకొనిన ఇంటిలోనే బోధకుని మాట మరల గాయము చేసెను.

ఆ వార్త చదివినప్పుడు మేము ఆ బోధకునిమీద రాయి వేయలేకపోతిమి. దాని కారణము మీ యెదుట ఒప్పుకొనుచున్నాము. కొన్ని ఏండ్ల క్రిందట ఒక వర్షాకాలమున మా సంఘములో ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించెను. ఎన్నో ఏండ్లు శనివారము సాయంకాలము గుడి ఊడ్చి, నీళ్లు మోసి, చాపలు దులిపి పరచినది ఆమెయే. భూస్థాపన కూడికలో మేము ఆమె కడపటి రాత్రిని గూర్చి చెప్పితిమి. ఆమె జబ్బు సంగతి మాకు ఏ గడియలో తెలిసెనో, వాగు ఎంత ఎత్తున పొంగెనో, బండిని గట్టున విడిచి మొలలోతు నీళ్లలో మేము ఎట్లు దాటితిమో, తడి బట్టలతోనే ఎట్లు ప్రార్థన చేసితిమో వివరించితిమి. జనులు శ్రద్ధగా వినిరి. మంచి వర్తమానము చెప్పితిరని పెద్దలు మెచ్చుకొనిరి కూడ.

సమాధి పూడ్చిన తరువాత ఆమె కుమారుడు మా యొద్దకు వచ్చెను. అతడు పట్టణములో కూలిపని చేసికొనువాడు. వాగు తీయువరకు ఊరికి రాలేకపోయెను. “అయ్యగారూ, ఆ రాత్రి మా అమ్మ మీతో ఏమన్నా చెప్పిందా?” అని అడిగెను.

ఆమె చెప్పినది. మా చెయ్యి పట్టుకొని ఏదో చెప్పినది. ఆ మాట మాకు జ్ఞాపకము లేదు. వాగు లోతు జ్ఞాపకమున్నది, బట్టలు తడిసినది జ్ఞాపకమున్నది. ఆ తల్లి కడపటి మాట జ్ఞాపకము లేదు. ప్రార్థన చేసితిమని, ఆమె నెమ్మదిగా నుండెనని ఏదో చెప్పితిమి. అతడు తల ఊపి వెళ్లిపోయెను.

చనిపోయినవారికి ఈ లోకమందు తమదని చెప్పుకొనుటకు పొలము లేదు, ఇల్లు లేదు. బ్రదికియున్నవారి నోట తమను గూర్చిన మాట మాత్రమే మిగులును. ఆ కొద్దిపాటి వేళను కూడ మనము తీసికొన్నయెడల అది దొంగతనమే; అడుగుటకు వారు లేరు గనుక మరింత నీచమైన దొంగతనము. నాయకుడు ఓట్ల కొరకు తీసికొనును. మేము మెప్పు కొరకు తీసికొంటిమి. ఆ కుమారునికి చెందవలసినదానిని మా కథకు ఖర్చుపెట్టితిమి.

అప్పటినుండి మేము ఒక నియమము పెట్టుకొంటిమి. ఎవరి సమాధి యొద్ద మాటలాడవలసి వచ్చినను, ముందు ఆ ఇంటికి వెళ్లి కూర్చుండి వినుచున్నాము. ఆమె ఏమి వండెడిది, ఎవరికి పెట్టెడిది, ఏ పాట పాడెడిది అని అడుగుచున్నాము. తరువాత మా మాటను మేమే పరీక్షించుకొనుచున్నాము: ఇందులో మమ్మును గూర్చిన మాట తీసివేసినచో చనిపోయినవారిని గూర్చిన సత్యమేమైనను తగ్గునా? తగ్గినచో ఆ మాటను ఉంచుదుము. తగ్గనిచో తీసివేయుదుము. చాలసార్లు తీసివేయవలసియే వచ్చుచున్నది. మీరును జ్ఞాపకార్థ కూడికలలో సాక్ష్యము చెప్ప లేచునప్పుడు ఇట్లే చేయుడి. వచ్చే ఎన్నికలలో ఓటడుగువాడు మీ వీధిలో చనిపోయినవారి ఇంటికి వచ్చినప్పుడు అతని మాటను కూడ ఈ కొలతతోనే కొలువుడి.

ప్రభువా, మృతుల యొద్ద మా నోటికి కావలి యుంచుము. మేము పొందినదానిని ఒప్పుకొనుటకు ధైర్యమును, మేము చేసినదానిని మరచుటకు కృపను దయచేయుము. ఆమేన్.