క్రొత్త ఆటను గూర్చిన సణుగుడు



ఈ నెల నేను వ్రాయబోవు సంగతి చూచి నీవు నవ్వవచ్చును. ఇద్దరు బొమ్మ మనుష్యులు ఒకరినొకరు గుద్దుకొను వీడియో గేమును గూర్చి ఇట్టి పత్రికలో వ్రాయనేల అని అడుగుదువేమో. అయితే నీ యింటనే, ఈ వేళనే, నీ మనుమడు సెల్‌ఫోను చేతబట్టుకొని మూల కూర్చుండియుండును. వాడు దేనిని చూచుచున్నాడో ఎరుగకుండ వానికి బుద్ధి చెప్పుట ఎట్లు? గుద్దులాట బొమ్మలు పిల్లలకు తగునా తగవా అను మాట వేరొక దినమున మాటలాడుకొందము. నేడు నేను అడుగదలచినది వేరు. మనము ప్రేమించిన దానిని చేసినవారే, దానిని మార్చి మరల మన యెదుట పెట్టినప్పుడు, మనము దానికి ఎట్లు తీర్పు తీర్చవలెను? మన సణుగుడు ఎప్పుడు న్యాయమైనది, ఎప్పుడు అన్యాయమైనది?

సంగతి మొదటినుండి చెప్పెదను. జపాను దేశమందలి ఒసాకా పట్టణమున క్యాప్‌కామ్ అను కంపెనీ యున్నది. వారు 1987లో స్ట్రీట్ ఫైటర్ అను ఆటను చేసిరి. దానికి పెద్ద పేరు రాలేదు. 1991లో రెండవ స్ట్రీట్ ఫైటర్ వచ్చెను. అది దేశదేశములకు వ్యాపించెను. బీరువా యంత యెత్తున్న పెట్టె, దానికి అద్దము, అద్దము క్రింద ప్రతి ఆటగానికి ఒక పిడి, ఆరు బటనులు. నాణెము వేసి, ఎనిమిదిమంది మల్లులలో ఒకరిని ఎన్నుకొని ఆడవలెను. జపాను సుమో మల్లుడు హోండా, రష్యా కుస్తీవాడు జాంగీఫ్, చైనా పడుచు చున్ లీ, అమెరికా సిపాయి గైల్, బ్రెజిల్ అడవిమనిషి బ్లాంకా, ర్యూ, కెన్ అను ఇద్దరు స్నేహితులు, వీరితో కూడ మన దేశపువాడని చెప్పబడిన ధాల్సిం అను యోగి. ఈ యోగి కాలుసేతులు రబ్బరువలె సాగును. అట్టివానిని మన దేశమున ఎవరు చూచిరో గాని, ఆ బొమ్మ మాత్రము లోకమంతట తిరిగెను.

గెలిచినవాడు నిలుచును, ఓడినవాడు తొలగిపోవును, వెనుక నిలుచున్నవాడు తన నాణెము వేయును. ఇదే ఆ అంగళ్ల మర్యాద. పట్టుమని నిలువవలెనంటే విద్య కావలెను. గైల్ విసరు గాలిదెబ్బను తీసికొనుము. పిడిని వెనుకకు పట్టి, కొంచెము తాళి, చటుక్కున ముందుకు త్రోసి, అదే క్షణమున గుద్దు బటను నొక్కవలెను. తాళుట తక్కువైన దెబ్బ రాదు. ఎక్కువ తాళిన ఎదుటివాడు మీద పడును. ఇది చేతికి అబ్బుటకు ఎన్ని నాణెములో, ఎన్ని సాయంకాలములో! ఒక పడుచువాడు తన జీతములో కొంత, తన ప్రాయములో కొంత ఆ పెట్టెలో వేసి ఆ విద్య సంపాదించెనని తలంచుము. పనికిమాలిన విద్య అని నీవందువు. కావచ్చును. అయినను కష్టపడి నేర్చినది ఏదైనను నేర్చినవానికి పొలమువంటిది.

1991 నుండి 1994 వరకు కంపెనీవారు ఆ రెండవ ఆటనే దిద్ది, మల్లులను చేర్చి, వేగము పెంచి, మరి నాలుగు మారులు విడుదల చేసిరి. అప్పుడు ఆటగాండ్రేమనిరి? ఎంతసేపు ఇదే ఆట, క్రొత్తది ఏదీ అనిరి. ఈ కంపెనీవారికి రెండు దాటి లెక్క రాదు కాబోలునని ఎగతాళి చేసిరి.

1997లో మూడవది వచ్చెను. క్రొత్తది ఇండు అని అడిగిరి గదా, ఇచ్చిరి. పాత ఎనిమిదిమందిలో ర్యూ, కెన్ అను ఇద్దరే మిగిలిరి. చున్ లీ లేదు. గైల్ లేడు. మన యోగియు లేడు. వారి స్థలమున ముందెన్నడును చూడనివారు నిలిచిరి: అలెక్స్ అను అమెరికా కుస్తీవాడు, డడ్లీ అను ఇంగ్లీషు దొర, కెన్యా దేశపు ఎలీనా, ఒంటిచేత్తో పోరాడు ఓరో అను ముదుసలి. బొమ్మలను చేతితో గీసి గీసి, మనుష్యుని బట్ట గాలికి కదలినట్లు కదలునట్లు చేసిరి. దాని అందము చూచినవారెవరును కాదనలేరు. అయినను సణుగుడు బయలుదేరెను. మా వారేరి? వీరెవరు? పేరు మాత్రమే పాతది, లోపల ఉన్నది వేరొకటి!

అంతలో మరియొక గుంపు బయలుదేరి, ఇది మిక్కిలి పాతకాలపుది అనెను. ఎందుకనగా ఆ దినములలో టెక్కెన్, వర్చువా ఫైటర్ మొదలైన ఆటలు బొమ్మకు ముందు వెనుకలు గల లోతు చూపుచుండెను. ఇదియో, పలకమీద గీసిన బొమ్మవలె చదునుగా నుండెను. ఒకే ఆటను ఒకరు మితిమీరిన క్రొత్తదనిరి, ఒకరు మితిమీరిన పాతదనిరి. ఊరిలో క్రొత్తగా కట్టిన ఇంటిని చూచి దారిన పోవువారు ఆడు మాటలు నీకు జ్ఞాపకము రావచ్చును.

ఇక్కడ నేను తొందరపడి ఆ సణిగినవారిని నిందింపను. గైల్ విద్య నేర్చినవాని పొలము నిజముగా పోయినది. వాని చేతులలో నున్నది ఆ క్రొత్త పెట్టెయెదుట దేనికిని పనికిరాలేదు. నిన్న మొన్న వచ్చిన బాలునితో సమానముగా వాడు మొదటి మెట్టున నిలువవలసి వచ్చెను. నష్టము నష్టమే. దానిని నష్టమని చెప్పుకొని దుఃఖించుట తప్పు కాదు. అయితే వాడు ఆ మాట అనలేదు. "నా నేర్పు పోయినది" అనుటకు బదులు "ఈ ఆట చెడ్డది" అనెను. చదువరీ, ఈ రెండు మాటలకు నడుమ ఎంత దూరమున్నదో కొంచెము నిలిచి చూడుము. మొదటిది తన్ను గూర్చిన సత్యము. రెండవది ఎదుటివాని పనిమీద మోపిన నేరము. మనలో అనేకుల కోపము మొదటి మాట పలుకుటకు సిగ్గుపడి రెండవ మాట పలుకుట వలననే పుట్టుచున్నది. పిల్లలు పట్టణమున కాపురము పెట్టినప్పుడు తండ్రి ఏమనును? "నాకు ఒంటరిగా ఉన్నది" అనడు. "పట్టణపు బ్రతుకు చెడ్డది" అనును.

ఆ మూడవ ఆటలో ఒక క్రొత్త విద్య నుంచిరి. దానిని పారీ అందురు. అంతకుముందు దెబ్బ వచ్చినప్పుడు పిడిని వెనుకకు పట్టి కాచుకొనవలెను. కొన్ని పెద్ద దెబ్బలు కాచుకొన్నను కొంత ప్రాణము హరించును. ఈ క్రొత్త విద్యలోనైతే దెబ్బ తగులు ఆ క్షణముననే పిడిని దెబ్బకెదురుగా ముందుకు తట్టవలెను. సరిగా తట్టిన నష్టమేమియు లేదు. రెప్పపాటు తప్పిన దెబ్బ పూర్తిగా తగులును. ఇందువలన దూరమునుండి అగ్గిబంతులు విసరి కాలము గడుపువారి విద్య సన్నగిల్లెను. వారు మొరపెట్టిరి. ఆ మొరలో న్యాయము లేకపోలేదు; దూరముగా నిలిచి పోరాడుటయు ఒక విద్యయే గదా.

1999లో కంపెనీవారు ఆ మూడవ ఆటకు రెండవ దిద్దుబాటు చేసి, థర్డ్ స్ట్రైక్ అని పేరుపెట్టి, చున్ లీని మరల పిలిచిరి. అప్పటికి నాణెముల అంగళ్లు అనేక దేశములలో మూతబడుచుండెను. ఆట గొప్పగా నడువలేదు. తరువాతి అంకె గల ఆట రాకకు 2008 వరకు పట్టెను.

అయితే 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈవో అను పెద్ద పోటీ జరిగెను. జపానువాడైన డైగో ఉమెహారా కెన్‌ను ఎన్నుకొనెను. అమెరికావాడైన జస్టిన్ వాంగ్ చున్ లీని ఎన్నుకొనెను. ఆ ఆట పటమును మా మేనల్లుడు నాకు చూపెను. నేను ఆడనేరనివాడనైనను చూచుచు లేచి నిలుచుంటిని. కెన్ ప్రాణము గీటంత మిగిలియున్నది. కాచుకొన్నను చచ్చును. అప్పుడు చున్ లీ తన గొప్ప దెబ్బను, తెరపిలేని తన్నుల వరుసను విడిచెను. ఉమెహారా వెనుకకు పోలేదు. ఒక్కొక్క తన్నునకు ఎదురుగా పిడిని తట్టెను, పదిహేను మారులు, ఒకటియు తప్పలేదు. కడపటి తన్నును గాలిలోనికి ఎగిరి తట్టి, దిగుచునే కొట్టి గెలిచెను. జనుల కేక వినవలెను! ఆ పటమును లోకమంతట లక్షలమంది చూచిరి. ఆయన ఆ పోటీలో కడపటి ఆట ఓడిపోయెను. అది ఎవరికిని జ్ఞాపకము లేదు.

అటు తరువాత ఈ మూడవ ఆటను పొగడువారు మెండైరి. నేడు పోట్లాట ఆటలలో మిక్కిలి శ్రేష్ఠమైనవాటిలో నిది యొకటియని అనేకులందురు. అయితే, చూచితివా, మొదట సణిగినవారు తప్పు, ఆట మంచిదే అని తీర్పు చెప్పుదమా? నేనట్లు చెప్పను. నేడు పొగడువారిలో అనేకులు 1997లో నాణెము వేసినవారు కారు, దేనిని పోగొట్టుకొన్నవారును కారు. వారి పొగడ్తకు వెల లేదు. పైగా ఆ ఆటలో లోపములు నిజముగానే యున్నవి. చున్ లీ, యూన్, కెన్ అను ముగ్గురు తక్కినవారికంటె ఎంతో బలవంతులు. కొందరు మల్లులను ఎన్నుకొనుట కుంటి ఎద్దును బండికి కట్టినట్లే. ప్రేమించువారు సైతము ఈ మాట ఒప్పుకొందురు. ఒప్పుకొనియు ఆడుదురు.

సణుగుడు మేలు చేసిన సందర్భమును ఒకటి చెప్పవలెను. 2016 ఫిబ్రవరిలో అయిదవ స్ట్రీట్ ఫైటర్‌ను పూర్తి వెలకు అమ్మిరి. అయితే ఒంటరిగా కూర్చుండి యంత్రముతో వరుసగా పోరాడు పద్ధతి, మొదటినుండి ప్రతి ఇంటి పిల్లవాడు ఎరిగిన పద్ధతి, అందులో లేదు. కొన్నవారు గట్టిగా అడిగిరి. ఆ మార్చి లోపల ఇరువది లక్షలు అమ్ముడుపోవునని కంపెనీవారు తలంచిరి. పదునాలుగు లక్షలే పోయెను. 2018 జనవరిలో ఆ పద్ధతిని చేర్చి ఇచ్చిరి. ఇక్కడ కొన్నవాడు "దీనికి ఆత్మ లేదు, ఇది మాది కాదు" అని కేకలు వేయలేదు. "నేను వెల ఇచ్చితిని, ఈ వస్తువు ఇందులో లేదు" అనెను. ఇట్టి మాటను విని దిద్దుకొనవచ్చును. వేరొక మాటను విని ఏమి చేయగలరు? తూకము తక్కువైనదని చూపిన కొట్టువాడు మరల తూచును. నీ ముఖమే బాగులేదన్న యెడల వాడేమి చేయును?

మరియొక సణుగుడు కలదు. దానిని గూర్చి చెప్పుటకు నాకు కష్టముగా నున్నది, ఎందుకనగా అది నాలోను ఉన్నది. 2023 జూన్‌లో ఆరవ ఆట వచ్చెను. అందులో క్రొత్తవారి కొరకు ఒక సులభ మార్గముంచిరి. పూర్వము పిడిని గుండ్రముగా త్రిప్పి, తాళి, త్రోసి రప్పించిన దెబ్బలు ఇప్పుడు ఒక్క బటనుతో వచ్చును. ఉచితముగా కాదు, అట్లు రప్పించిన దెబ్బలకు బలము అయిదింట ఒక వంతు తగ్గును. అయినను ముప్పది ఏండ్లు వ్రేళ్లు అరుగదీసికొన్నవారిలో కొందరు మండిపడిరి. మేము పగలంతయు ఎండలో పడిన పాటు, పొద్దు గుంకువేళ వచ్చినవానికి ఊరక దొరకుటయా అనిరి. చదువరీ, ఈ మాట నీవు ఎక్కడనో వినియున్నావు. ఆ సణిగినవాని చేతినుండి ఒక్క కాసు తీసివేయబడలేదు. వాని పిడి వానికున్నది, వాని దెబ్బకు నిండు బలమున్నది. గైల్‌ను పోగొట్టుకొన్నవాని దుఃఖము వేరు, వీని కోపము వేరు. వాడు తన పొలమును గూర్చి ఏడ్చెను. వీడు ప్రక్కవాని పొలమున వాన కురిసినందుకు ఏడ్చుచున్నాడు.

అయితే వీనినైనను వెంటనే త్రోసివేయవలదు. సులభముగా వచ్చినదానికి విలువ యుండదేమో, కష్టపడి నేర్చు విద్య లోకమున నశించునేమో అను భయము అందులో కొంత కలదు. మన నాగలి విద్య, మన నేత విద్య ఎరిగిన పెద్దలకు ఈ భయము తెలియును. ఆ భయము మంచిదే. కాని అది భయమా, అసూయయా అని రాత్రివేళ ఒంటరిగా నున్నప్పుడు తన్ను తాను అడుగుకొనవలెను. నేను అడుగుకొంటిని. రెండును ఉన్నవి.

గైల్‌ను ప్రేమించినవాని సంగతి ఏమాయెనని అడుగుదువా? గైల్ 2008లోని నాలుగవ ఆటకు తిరిగివచ్చెను. ఆ పాత ఎనిమిదిమందియు వచ్చిరి. అప్పుడు కొందరు, ఇందులో క్రొత్తదనమేమున్నది, అందరు పాతవారే అనిరి. 2018 మే నెలలో కంపెనీవారు 1987 మొదలుకొని 1999 వరకు వచ్చిన పండ్రెండు ఆటలను ఒకే మూటగా కట్టి అమ్మిరి. మా మేనల్లుడు దానిని తెరచి నాకు చూపెను. ఒకే తెరమీద, ఒకదాని ప్రక్కన నొకటి, రెండవ ఆటయు దాని దిద్దుబాట్లును, మూడవ ఆటయు దాని దిద్దుబాట్లును పేర్లుగా నిలిచియున్నవి. నీవు ఏది ఆడుదువని అడిగితిని. వాడు కొంచెముసేపు పిడిని అటు నిటు కదిపి, "మామయ్యా, ముందు మీకు గైల్ గాలిదెబ్బ నేర్పెదను" అనెను. ఇరువది మారులు ప్రయత్నించితిని. తాళుట తక్కువగుచున్నదట.