నా గొంతు వినిపించింది ఎంతసేపు?

"అన్నా, నీ వీడియోలు చూశాక ఇక ఆ గేమ్ కొనే పనే లేదు" అన్నాడు సంక్రాంతికి ఇంటికొచ్చిన మా పిన్ని కొడుకు. మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను. అది నా మీద పడ్డ నేరారోపణ అని గ్రహించడానికి ఏడాది పట్టింది.

నేను వీడియో గేమ్‌లు ఆడుతూ తెలుగులో వ్యాఖ్యానం చెబుతాను. కథే ప్రాణంగా ఉండే ఒక గేమ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఆడి, ఆరు భాగాలుగా యూట్యూబ్‌లో పెట్టాను. కింద 'ఫెయిర్ యూజ్' అని రాసేసి నిశ్చింతగా ఉన్నాను. డబ్బు పెట్టి కొన్నాను కదా అనుకున్నాను. నేను కొన్నది ఆడుకునే హక్కు మాత్రమే. ఆ సంగతి తెలుసుకోవాలని కూడా నేను అనుకోలేదు.

నేను వల్లించిన ఆ మాట అమెరికా చట్టంలోది. అక్కడ కూడా ఎందుకు వాడావు, ఆ కృతి ఎలాంటిది, ఎంత తీసుకున్నావు, దాని అమ్మకాలకు ఏం దెబ్బ తగిలింది అని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉన్నది 'ఫెయిర్ డీలింగ్'. విమర్శ, సమీక్ష వంటి కొన్ని అవసరాలకే ఆ వెసులుబాటు. ఇక అమెరికా సంగతికొస్తే, 2017లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు హెచ్3హెచ్3 అనే యూట్యూబ్ ఛానల్ దంపతుల పక్షాన తీర్పు చెప్పింది. వేరొకరి వీడియోలోంచి 3 నిమిషాల 15 సెకన్లు తీసుకుని, ముక్కముక్కకీ ఆపి విమర్శిస్తూ, దాదాపు 14 నిమిషాల వీడియో చేశారు వాళ్లు. వ్యాఖ్యానం లేకుండా అందరూ కలిసి కూర్చుని చూసినట్టుండే వీడియోల సంగతి వేరని ఆ తీర్పే చెప్పింది.

ఒక రాత్రి గడియారం పక్కన పెట్టుకుని నా ఆరు భాగాలూ చూశాను. మొత్తం నాలుగు గంటలు. నా గొంతు వినిపించింది 31 నిమిషాలు. మిగతాదంతా ఎవరో రాసిన మాటలు, ఎవరో గీసిన బొమ్మలు, ఎవరో కట్టిన సంగీతం.

అప్పుడే గేమ్ రూపకర్త ర్యాన్ గ్రీన్ 2016 మార్చిలో రాసిన వ్యాసం చదివాను. క్యాన్సర్‌తో పోయిన తన చిన్నారి కొడుకు జోయెల్ మీద గ్రీన్ కుటుంబం 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అనే గేమ్ చేసింది. రెండు గంటల్లో అయిపోయే ఆ గేమ్‌ను జనం యూట్యూబ్‌లోనే మొత్తం చూసేశారు. అమ్మకాల నుంచి తమ స్టూడియోకి అప్పటికి ఒక్క డాలరూ మిగల్లేదని ఆ తండ్రి రాశాడు. వీడియోలు చేయొద్దని అనలేదు. మీ సొంత మాట కలపండి, మా కష్టాన్నీ తలుచుకోండి అన్నాడు. చదువుతుంటే మా తమ్ముడి మాట మళ్లీ చెవిలో పడింది.

ఆ ఆరు భాగాలూ తీసేశాను. వాటి స్థానంలో 18 నిమిషాల సమీక్ష ఒకటి పెట్టాను. ముగింపు చూపించలేదు.

నాలా వ్యాఖ్యానం చెప్పే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క విన్నపం. ఫెయిర్ యూజ్ అని రాసే ముందు ఒకసారి గడియారం పెట్టుకుని మీ వీడియో మీరే చూడండి. మీ గొంతు లేని ప్రతి నిమిషమూ వేరొకరి కష్టమే.