ఉత్తరంలోని రహస్యం ఎవరిది? - ఈమెయిల్ ఎంపికలో నైతిక ప్రశ్న

కార్డుమీద ఏది రాయవచ్చు, కవరులో ఏది పెట్టాలి అన్న వివేకం తపాలా కాలంలో ఉత్తరం రాసేవారిదే. అందుకొనేవారికి అందులో ప్రమేయం లేదు. ఈమెయిల్ ఈ ఏర్పాటును మార్చింది. రాసినవారు ఎంత జాగ్రత్త పడినా, అందుకొనేవారు ఎంచుకొన్న సేవను బట్టే సగం గోప్యత నిర్ణయమవుతుంది. కాబట్టి ఈమెయిల్ సేవ ఎంపికను కేవలం స్వీయ సౌకర్యానికి చెందిన విషయంగా పరిగణించడం సరికాదు. "దాచుకోవలసినదేమీ లేదు" అనే వాదం తన మాటలకు చెల్లవచ్చు. ఎదుటివారి మాటలకు అది చెల్లదు.

2004లో ప్రారంభమైన జీమెయిల్ ప్రకటనల నిమిత్తం ఉత్తరాల్లోని విషయాన్ని యంత్రాలతో పరిశీలింపజేసింది. వ్యక్తిగత ఖాతాల విషయంలో ఈ పద్ధతిని విరమిస్తున్నట్లు గూగుల్ 2017లో ప్రకటించింది. ఈ మధ్యకాలంలో జీమెయిల్ ఖాతా లేనివారు రాసిన ఉత్తరాలు సైతం ఆ పరిశీలనకు లోనయ్యాయి. ఉచిత సేవకు చెల్లించిన మూల్యంలో కొంత ఇతరుల మాటల రూపంలో ఉందన్నమాట. 2017లోనే సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అయితే ఒకరి హక్కును మరొకరి నిర్లక్ష్యం కూడా హరించగలదు.

ప్రోటాన్ మెయిల్, టుటా వంటి సేవలు దీనికి ఒక ప్రత్యామ్నాయం చూపాయి. వాటిని వాడేవారి మధ్య నడిచే ఉత్తరం రాసినవారి పరికరంలోనే గూఢలిపిగా మారుతుంది. దాన్ని విప్పే శక్తి సంస్థకు ఉండదు. వినియోగదారుల అనువర్తనాల కోడ్ బహిరంగం కావడంవల్ల, సంస్థ చెప్పే మాటను నిపుణులు పరీక్షించవచ్చు. విశ్వాసానికి ఇక్కడ పరీక్ష తోడైంది. అయినా విశ్వాసం అవసరం పూర్తిగా తీరలేదు. 2021లో స్విట్జర్లాండ్ అధికారుల ఆదేశానికి లోబడి ప్రోటాన్ ఒక ఫ్రెంచ్ ఉద్యమకారుల ఖాతాకు చెందిన ఐపీ చిరునామాను అప్పగించింది. ఉత్తరంలోని విషయానికి రక్షణ ఉన్నా, రాసిన మనిషి ఉనికికి అంతటి రక్షణ లేదని ఈ ఘటన తెలిపింది. పైగా ఈ సేవలనుంచి జీమెయిల్‌కు వెళ్లే మామూలు ఉత్తరం అవతలి పెట్టెలో ఆ రక్షణ లేకుండానే ఉంటుంది.

ఈ పరిమితులు ఎంపికను నిష్ప్రయోజనం చేయవు. గోప్యత ఇద్దరూ కలిసి కాపాడవలసినదని అవే నిరూపిస్తున్నాయి. క్షేత్రపర్యటనలో సేకరించిన జీవితకథనాలను, అముద్రిత రచనలను ఈమెయిల్ ద్వారా అందుకొనే సాహిత్య పరిశోధకులకు ఈ కర్తవ్యం మరింత వర్తిస్తుంది. తమను నమ్మి చెప్పినవారి మాటను ఏ పెట్టెలో ఉంచుతున్నారన్నది కూడా పరిశోధన నీతిలో భాగమే.