దయచేసి వినండి

సువిశేష పఠనం: మార్కు 7:31-37



శంషాబాదు చుట్టుపక్కల కాపురముండే మనకు విమానాల మోత కొత్త కాదు. 2008లో విమానాశ్రయం తెరచిన నాటి నుండి వింటూనే ఉన్నాం. దివ్యపూజ జరుగుతుండగా గుడి మీదుగా విమానం పోయినా మనం తల ఎత్తి చూడం. కాని ఆ చప్పుడుకు రెండు చెవులూ గట్టిగా మూసుకొని, ముందుకూ వెనుకకూ ఊగే పసివారు మన మధ్యనే ఉన్నారు. వారిలో కొందరికి ఐదేళ్లు నిండినా మాట రాదు. మరికొందరు ఎక్కడో విన్న వాక్యాన్నే పదే పదే అంటుంటారు.

అలాంటి బిడ్డ తల్లి ఒకామె కొన్ని నెలలుగా పూజకు రావడం లేదు. ఇంటికి వెళ్లి కారణం అడిగాను. ఆమె తల దించుకొని, "ఫాదర్‌గారూ, బాబు అరిచినప్పుడు మీరే బయటికి తీసుకెళ్లమన్నారు గదండీ" అన్నది. నిజమే. పీఠం దగ్గర నిలబడి ఆ మాట అన్నది నేనే. ఆ క్షణాన నా ప్రసంగమే నాకు ముఖ్యమైంది. నేను క్షమాపణ అడుగుతుండగా ఆ బాబు నా చేయి పట్టి లాగి, "దయచేసి వినండి, దయచేసి వినండి" అన్నాడు. రైల్వే స్టేషన్‌లో విన్న మాట అది. "ఏదైనా కావాలంటే వాడు అలాగే అంటాడండి" అన్నది తల్లి. వాడికి మంచినీళ్లు కావాలి. నేను అర్థంలేని వాగుడు అనుకున్నది నిజానికి చక్కని మనవి.

సువిశేషంలో చెవిటివాడు, మాట సరిగా రానివాడు అయిన ఒకణ్ణి జనులు ప్రభువు వద్దకు తీసుకొచ్చారు. ప్రభువు మొదట ఏం చేశారో గమనించండి. వాణ్ణి గుంపులో నిలబెట్టి నలుగురికీ చూపలేదు, ఒంటరిగా పక్కకు తీసుకువెళ్లారు. వినలేనివానికి ఉపన్యాసం చెప్పలేదు, చెవులలో వ్రేళ్లు ఉంచి, నాలుకను తాకారు. అంటే వానికి అర్థమయ్యే భాషలోనే వానితో మాట్లాడారు. పిమ్మట ఆకాశం వైపు చూచి నిట్టూర్చారు. వాని బాధను తన బాధగా చేసికొన్నారు. "ఎఫ్ఫతా" అన్నది ఆ తరువాతనే. మార్కు వ్రాసిన వరుస కూడా చూడండి: ముందు చెవులు తెరువబడ్డాయి, ఆ తరువాతే నాలుక సడలింది. "ముందు ఒక్క మాట పలుకు, అప్పుడే ముట్టుకొంటాను" అని ప్రభువు షరతు పెట్టలేదు.

మన ఇళ్లలో జరిగేదేమిటి? బిడ్డ దాహంతో గ్లాసు వైపు చేయి చూపుతాడు. "నీళ్లు అను, అప్పుడే ఇస్తా" అంటాం. బిడ్డ ఏడుస్తాడు. మాట నేర్పుతున్నామనే మంచి ఉద్దేశంతోనే అలా చేస్తాం. రొట్టె అడిగిన కుమారునికి రాతినిచ్చే తండ్రి ఉంటాడా అని ప్రభువు అడిగారు (మత్తయి 7:9). చేతితో అడిగినా అది అడగడమే. నా కళ్లలోకి చూడు అని గడ్డం పట్టి తల తిప్పుతాం. సంతోషంతో చేతులు ఆడించే బిడ్డ చేతులు అదిమి పట్టుకొంటాం. ఇరుగుపొరుగువారు వస పోయలేదా అంటారు. తల్లి డ్యూటీకి పోయి బిడ్డను పట్టించుకోలేదంటారు. ఎవరి పాపమో అని కూడా గుసగుసలాడతారు. పుట్టుగ్రుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిన ప్రశ్నే ఇది. వీడు గాని, వీని తల్లిదండ్రులు గాని చేసిన పాపం కారణం కాదని ప్రభువు అప్పుడే తేల్చి చెప్పారు (యోహాను 9:3).

ఆటిజం తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు. ఆ బిడ్డ మెదడు ఎదిగే తీరే వేరు. చూపు, చప్పుడు, స్పర్శ వారికి మనకు తోచినట్లు తోచవు. అలా పెరిగి పెద్దవారైనవారు ఎందరో నేడు తమ అనుభవాన్ని తామే చెబుతున్నారు. అందరిలా కనిపించాలని బలవంతపెట్టిన శిక్షణ తమను ఎంత అలసటకు, భయానికి గురిచేసిందో చెబుతున్నారు. వారి మాట విని పద్ధతి మార్చుకొన్న స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు. బిడ్డను అందరిలా చేయడం కాదు, తన మనసులోని మాటను తనకు వీలైన దారిలో చెప్పుకొనేలా చేయడమే వారి ఉద్దేశం. అందుకే వారు బిడ్డతో పాటు నేల మీద కూర్చొని, వాడు ఆడే ఆటే ఆడతారు. ఒక మాట అని, జవాబు కోసం ఓపికగా ఆగుతారు. విన్న వాక్యాన్నే తిరిగి అంటే ఆపు అనరు, దాని వెనుక ఏముందో వెతుకుతారు.

బొమ్మల కార్డులు, సైగలు, మాట్లాడే ట్యాబ్లెట్టు ఇస్తే ఇక మాటలే రావని చాలామంది భయపడతారు. ఆ భయం వద్దు. అవి మాటను అడ్డుకోవని, కొందరికి మాట రావడానికి తోడ్పడతాయని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. అలాగే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా చెబితే నమ్మవలసిన పని లేదు. రెండు భాషల వల్ల ఈ బిడ్డలకు నష్టం జరగదు. అమ్మమ్మ భాష దూరమైతే మాత్రం అమ్మమ్మ కూడా దూరమవుతుంది. నత్తిగా మాట్లాడే బిడ్డకు "నెమ్మదిగా, ఊపిరి పీల్చి చెప్పు" అనకండి, వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి. వాడు ఎలా చెబుతున్నాడో కాదు, ఏం చెబుతున్నాడో వినండి.

పరిశుద్ధ గ్రంథంలో ఇలాంటివారు ఉన్నారు. మోషే తన నోటిమాట మాంద్యమని దేవునికి మొరపెట్టుకొన్నాడు. దేవుడు అతని నాలుక మార్చలేదు, తోడుగా అహరోనును ఇచ్చాడు (నిర్గమ 4:10-16). మూగవాడైన జెకర్యా పలక అడిగి, తన బిడ్డ పేరు యోహాను అని వ్రాశాడు (లూకా 1:63). నోరు పలకకపోయినా ఆయన సాక్ష్యం చెల్లింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా సైగలను, ఇతర ప్రత్యామ్నాయ మార్గాలను సంభాషణగానే గుర్తిస్తోంది. ఆ చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఆటిజం, వాక్కు-భాషా వైకల్యం ఉన్నాయి.

తల్లిదండ్రులారా, బిడ్డకు మాట ఆలస్యమైతే మొదట వినికిడి పరీక్ష చేయించండి. "వాళ్ల నాన్నకు కూడా ఆలస్యంగానే మాట వచ్చింది" అని ఏళ్లు గడపకండి. అంగన్‌వాడీలో అడగండి, 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదలను పరీక్షిస్తారు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇప్పుడు దానిని నీపిడ్ అంటున్నారు. వాక్కు, వినికిడి లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. శంషాబాదు నుండి నగరం ఆ చివరకు పోవాలి. షిఫ్టు డ్యూటీ చేసే తల్లికి అది ఒక పూట జీతం. విచారణలో బండి ఉన్నవారు నెలకొకసారి ఒక కుటుంబాన్ని తీసుకువెళ్తే, అది కూడా దయాకార్యమే.

ఉపదేశులకు కూడా ఒక మాట. జపాలు అప్పచెప్పలేదని ఏ బిడ్డకూ ప్రథమ దివ్యసత్ప్రసాదం ఆపకండి. ఇది మామూలు ఆహారం కాదని బిడ్డ మాటతో గాని, సైగతో గాని, భక్తిగల మౌనంతో గాని తెలిపితే చాలునని 1995లోనే అమెరికా పీఠాధిపతులు తమ మార్గదర్శకాలలో వ్రాశారు. 17వ శతాబ్దంలో పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పుట్టుచెవిటి అయిన ఒక యువకునికి సైగలతోనే సత్యోపదేశం నేర్పి, దివ్యసత్ప్రసాదం అందించారు. నేడు శ్రీసభ ఆయనను బధిరుల పాలకునిగా, పత్రికా రచయితల పాలకునిగా కూడా గౌరవిస్తోంది.

జ్ఞానస్నాన సాంగ్యంలో గురువు బిడ్డ చెవులను, నోటిని తాకి "ఎఫ్ఫతా" అని ప్రార్థించే ఆచారం ఉంది. ఆ మాట మనలో ఎందరి చెవులను నిజంగా తెరిచింది? వచ్చే ఆదివారం ఒక బిడ్డ అరిస్తే వెనుకకు తిరిగి చూడకండి. ఆ తల్లికి తలుపు దగ్గర చోటివ్వండి, వాడు లేచి తిరిగినా తిరగనివ్వండి. నేను కూడా ప్రసంగం ఆపి వేచి ఉంటాను. ఆ తల్లి మళ్లీ వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తే ఆమె చోటు ఆమెకు ఉండాలి.

ప్రార్థించుదము: దయగల ప్రభువా, మా బిడ్డల నోరు తెరువమని నిన్ను వేడుకొనే ముందు మా చెవులు తెరువుము. మాటలతో, చేతులతో, మౌనంతో వారు చెప్పేది వినే ఓర్పు మాకు దయచేయుము. ఆమెన్.