ఏటేట ఒక అంగీ

చదువవలసిన భాగము: 1 సమూయేలు 1:24–28, 2:11–26, 3:1–10

హన్నా తన కుమారుని షిలోహులో విడిచి రామాకు తిరిగి వచ్చిన దినమును గూర్చి లేఖనము ఎక్కువ చెప్పదు. ఆమె చేసిన స్తుతి వ్రాయబడినది గాని, బిడ్డ లేని యింటిలో ఆమె గడపిన మొదటి రాత్రి వ్రాయబడలేదు. అయినను ఆ తల్లి హృదయమును తెలుపు చిన్న సంగతి యొకటి తరువాత కనబడును. ఆమె ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పింప వచ్చునప్పుడు తెచ్చి వానికి ఇచ్చుచుండెను.

ఆ అంగీని ఆమె ఏ కొలతతో కుట్టెను? బాలుడు కన్నుల యెదుట లేడు. నిరుటి అంగీ ఈ యేడు సరిపోదు. సూది చేతబట్టిన ప్రతిమారు, "ఈపాటికి నా బిడ్డ ఎంత ఎదిగియుండును?" అని ఆమె తన్ను తాను అడుగుకొనియుండును. బిడ్డను దూరదేశమునకు చదువుకై పంపిన ప్రతి తల్లికిని, ప్రతి తండ్రికిని ఈ ప్రశ్న తప్పదు.

తపతీ నదీతీరమున గల సూరతు నగరము వస్త్రములకు పేరొందినది. తెలంగాణ జిల్లాల నుండి వెళ్లిన నేతపనివారి కుటుంబములు అచ్చటి మరమగ్గముల యొద్ద ఎంతో కాలముగా శ్రమించుచున్నవి. మగ్గమే గాక చదువును తెలుగువారిని ఆ ఊరికి రప్పించుచున్నది. 1961లో స్థాపింపబడిన ఇంజనీరింగు కళాశాల నేడు సర్దార్ వల్లభభాయి జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా నున్నది. ఇట్టి సంస్థలలో సగము స్థానములు ఆ రాష్ట్రపు బిడ్డలకును, సగము ఇతర రాష్ట్రముల బిడ్డలకును ఉండును. అందుచేతనే గుజరాతు బిడ్డ వరంగల్లుకును, కృష్ణాతీరపు బిడ్డ సూరతుకును పోవుట జరుగుచున్నది.

అట్లు కుమారుని పంపిన ఒక తండ్రిని తలంచుకొనుడి. ఆయన గ్రామములో ఉపాధ్యాయుడు, సంఘములో పెద్ద. మొదటి వారములో కుమారుడు దినమునకు మూడుమారులు ఫోను చేసెను. పూటపూటకు రొట్టెలే, పప్పులో తీపి, గదిలోనివారి మాట తెలియదు. తల్లి కన్నీరు కార్చెను. బిడ్డకు అచ్చట మనస్సు కుదురునట్లు చేయుమని తండ్రి ప్రార్థించెను. రెండు నెలలలో ఆ ప్రార్థన నెరవేరెను. ఫోనులు తగ్గెను. ఒక వారమంతయు ఒక్కటియు రాలేదు. అప్పుడు ఆ తండ్రికి కలిగినది కృతజ్ఞత కాదు, భయము. తాను అడిగినదే దేవుడు అనుగ్రహించినను, దానిని చూచి ఆయన మనస్సు నొచ్చెను.

దసరా సెలవులలో ఆయన విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కెను. వరంగల్లు, బల్హార్షా మీదుగా సాగు ఆ ప్రయాణము ఒక పూటలో ముగియునది కాదు. సంచిలో ఆవకాయ సీసాయు, తల్లి ఊరి దర్జీచేత కుట్టించిన చొక్కాయు ఉండెను. దర్జీ పుస్తకములోనున్న పాత కొలతయే ఆ చొక్కాకు ఆధారము.

కుమారుడు ఎదురువచ్చి సంచి అందుకొనెను. ఆటోవానితో హిందీలో తానే బేరమాడెను. భోజనశాలలో తండ్రికి ఏమి కావలెనో తానే చెప్పెను. అంతవరకు బిడ్డ చేయి పట్టి నడిపించినవాడు ఇప్పుడు బిడ్డ వెంట నడిచెను. రాత్రి చొక్కా తొడుగుకొనగా చేతులు మణికట్టునకు పైననే ఆగెను, భుజములు బిగిసెను. కుమారుడు ఆ మాట ఎత్తక, బాగున్నదని అమ్మతో చెప్పుమనెను.

అప్పుడు తండ్రి ఆదివారపు ఆరాధనను గూర్చి అడిగెను. కుమారుడు తల వంచుకొనెను. రెండు వారములు పోయితిననియు, గుజరాతీలో ఒక్క మాటయు బోధపడక మానితిననియు చెప్పెను. తండ్రికి కోపము పెదవులదాక వచ్చెను. అయితే బిగిసిన ఆ చొక్కా ఆయన కన్నుల యెదుట నుండెను. బట్టకు పాత కొలత వేసినట్లే బిడ్డ ఆత్మకును వేసితిమని ఆయన గ్రహించెను. తండ్రి లేపగా లేచి, తల్లి చేతికిచ్చిన కానుక పట్టుకొని, ఎరిగిన పాటలు పాడిన చిన్ననాటి భక్తి, లేపువారు లేని ఊరిలో ఎట్లు సరిపోవును? దుప్పటిని గూర్చి, రుసుమును గూర్చి, భోజనమును గూర్చి విచారించిన తండ్రి, "అచ్చట నీవు దేవుని ఎట్లు వెదకుదువు?" అని ఒక్కమారైనను అడిగియుండలేదు.

మరునాడు ఆదివారము. ఇద్దరును కలిసి గుజరాతీ సంఘమునకు పోయిరి. ప్రసంగము తెలియలేదు, పాటలలో 'ఈసు' అను నామము మాత్రము తెలిసెను. ప్రభువు నేర్పిన ప్రార్థనకు సంఘమంతయు లేచినప్పుడు, వారు గుజరాతీలో పలుకుచుండగా తండ్రి కొడుకులు మెల్లగా తెలుగులో పలికిరి.

ఆ ఊరిలో దేవుని వాక్యము క్రొత్తది కాదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అను దైవసేవకులను పంపిన లండన్ మిషనరీ సొసైటీయే, స్కిన్నర్, ఫైవీ అను వారిని సూరతుకు పంపెను. వీరు 1815లో అచ్చట పని ప్రారంభించిరి. వారు తెలుగు నేర్చిరి, వీరు గుజరాతీ నేర్చిరి; ఉభయులును లేఖనములను ప్రజల భాషలోనికి తెచ్చుటకు పాటుపడిరి. 1820 ప్రాంతమున గుజరాతీ క్రొత్త నిబంధన సూరతులోనే అచ్చయ్యెను. బిడ్డను ఒంటరిగా పంపితినని భయపడు తండ్రికంటె ముందుగా, రెండు వందల యేండ్లనాడే, దేవుడు అచ్చట తన వాక్యమును ఉంచెను.

షిలోహు నిరపాయమైన చోటు కాదని మరువరాదు. హొఫ్నీ ఫీనెహాసులు అర్పణలను తృణీకరించి దుష్కార్యములు చేయుచుండిన స్థలమది. వారి నడుమనే సమూయేలు పెరిగెను. దేవుడు అతని పేరు పెట్టి పిలిచిన రాత్రి తల్లి దగ్గర లేదు. ఆ స్వరము ఎవరిదో బాలునికి తెలియక ఏలీయొద్దకు పరుగెత్తెను. తన కుమారులను అదుపులో నుంచలేకపోయిన ఆ వృద్ధుడే, ఆ రాత్రి పరుల బిడ్డకు దేవుని స్వరమును గుర్తింప నేర్పెను. నేడును ప్రతి పట్టణ సంఘమునకు ఈ పని కలదు. ఆ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట సంఘపు వృద్ధుడొకడు కుమారుని భుజముపై చేయి వేసి, వచ్చు వారము తమ యింట భోజనము చేయవలెనని హిందీలో పిలిచెను. తండ్రికి ఆ మాట చాలినది.

తిరుగు ప్రయాణమునకు ముందు ఆయన ఆవకాయ సీసాకు కట్టిన పురికొస విప్పి, కుమారుని భుజము నుండి మణికట్టు వరకు చాపి చూచి, అచ్చట ముడి వేసి జేబులో పెట్టుకొనెను. అది తల్లికి చేరవలసిన క్రొత్త కొలత.

తలిదండ్రులారా, బిడ్డ కుదురుకొనుట మిమ్మును మరచుట కాదు; మీ ప్రార్థనకు వచ్చిన ఉత్తరము. అయితే నిరుటి అంగీని ఈ యేడు తొడుగజూడకుడి. బిడ్డ సందేహములను కోపింపక వినుడి. అతడు ఎదిగినంత మేరకు మీ మాటయు, మీ ప్రార్థనయు ఎదుగవలెను. హన్నా షిలోహులో కాపురముండలేదు, షిలోహుకు పోవుట మానను లేదు. ఏటేట అంగీ తెచ్చి యిచ్చి, బిడ్డను దేవుని సన్నిధిని విడిచి, ఇంటికి పోయి మరల బట్ట కత్తిరించెను.