గోడ మీది పిల్లి, గోడకు అటూ ఇటూ మనం

ఎటూ తేల్చుకోని మనిషిని మనం గోడ మీది పిల్లి అంటాం. ఎన్నికలు దగ్గరపడితే ఈ మాట పత్రికల్లో రోజూ కనిపిస్తుంది. పిల్లులు పరువునష్టం దావా వెయ్యవు కాబట్టి సరిపోయింది కానీ, ఇందులో వాటికి అన్యాయమే జరిగింది. గోడ మీద కూర్చున్న పిల్లిని కాసేపు గమనించండి. అది ఎప్పుడో తేల్చేసుకుంది. ఏ ఇంట్లో పాలు ఎన్నింటికి కాస్తారో, ఏ వంటింటి కిటికీ రెక్క సరిగా పడదో, ఎవరు నిజంగా చెప్పు విసురుతారో, ఎవరు విసిరినట్టు నటిస్తారో దానికి బాగా తెలుసు. ఇంకా తేల్చుకోనిది గోడకు అటూ ఇటూ ఉన్న మనుషులే. ఆ పిల్లి ఎవరిది? అది చేసిన పనికి జవాబు చెప్పాల్సింది ఎవరు?

ఒకప్పుడు ఈ ప్రశ్న ఇంతగా పుట్టేది కాదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత. ఈ సామెత వినడమే తప్ప ఉట్టిని చూడని తరం వచ్చేసింది కాబట్టి చెప్పాలి: వంటింటి దూలానికి తాళ్ళతో అల్లి వేలాడదీసిన ఆ ఉట్టిలోనే పాలూ పెరుగూ వెన్నా ఉండేవి. అంటే పిల్లి వస్తుందన్న సంగతి ఇంటి కట్టుబడిలోనే ఉంది. దాన్ని రావద్దని ఎవరూ అనలేదు. దానికి అందకుండా పెట్టుకున్నారు, అంతే. పాలు పోతే తిట్లు తినేది ఉట్టి మీద పెట్టడం మర్చిపోయిన కోడలు. (మగవాళ్ళు మర్చిపోయే అవకాశం లేదు, ఎందుకంటే వాళ్ళు వంటింట్లోకి వచ్చేవాళ్ళు కాదు.) పిల్లి ఎవరిదీ కాదు గనక, పాలు ఎవరివో జాగ్రత్త కూడా వాళ్ళదే.

ఫ్రిజ్ వచ్చి ఉట్టిని దించేసింది. దాంతో పాటు పిల్లి హోదా కూడా మారింది. ఇప్పుడు దానికి పేరుంది, మెళ్ళో చిన్న గంట ఉంది, ప్యాకెట్ తిండి ఉంది, టీకాల కార్డు ఉంది, ఫోన్ నిండా ఫోటోలున్నాయి. అంటే అది ఒకరి పిల్లి. ఒకరిది అయిన క్షణంలోనే పాత లెక్క తలకిందులైంది. పాలవాళ్ళ మీద ఉన్న బరువు పిల్లివాళ్ళ మీదికి రావాలి. కానీ అది పూర్తిగా రాలేదు, మధ్యలో గోడ మీదే ఆగిపోయింది. గారం చేసేటప్పుడు మా పిల్లి, ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రం "అది పిల్లండీ, మన మాట వింటుందా!"

మా వీధిలో గోధుమరంగు మగపిల్లి ఒకటుంది. మూలింటి రిటైర్డ్ టీచరుగారు దాన్ని పెంచుతున్నారు. ఆవిడకి అది లడ్డూ. రెండిళ్ళ అవతల పిల్లలకి టైగర్. వాళ్ళ పక్కింట్లో దానికి ఉన్న పేరు ఇక్కడ రాయదగ్గది కాదు. ఇంకొకాయన దానికి ఏ పేరూ పెట్టలేదు గానీ, రోజూ ఉదయం అది ఎదురొస్తే వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఆయన ఆఫీసుకి వెళ్ళే వేళా, పిల్లి టిఫిన్‌కి వెళ్ళే వేళా ఒకటే కావడంతో ఏడాదిగా ఇదే తంతు. రోజూ ఈ మనిషి ఎదురైతే తనకి ఏమవుతుందోనని పిల్లి మాత్రం ఎక్కడా ఆగి నీళ్ళు తాగినట్టు లేదు.

ఇంతవరకూ అంతా నవ్వులాటే. అసలు గొడవ వడియాల దగ్గర వచ్చింది. ఒకావిడ పొద్దున్నే లేచి బూడిద గుమ్మడికాయ తరిగి, పిండి కలిపి, డాబా మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టారు. పదింటికి పైకి వెళ్ళి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకి వరసగా పాదాల గుర్తులు. ఆవిడ మూలింటికి వెళ్ళి చెప్పారు.

"మీ పిల్లి మా వడియాల మీద నడిచిందండీ."

"పిల్లి అన్నాక నడవదా అండీ?"

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. వీధిలో ఎవరి పక్షం వాళ్ళు తీసుకున్నారు. నేను మాత్రం ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. పిల్లి అన్నాక నడవదా? నడుస్తుంది. అందులో అబద్ధం ఏముంది? మరి నిజం చెబితే ఇంత కోపం ఎందుకు?

ఎందుకంటే అది వేరే ప్రశ్నకు జవాబు. పిల్లి తప్పు చేసిందా అని అడిగితే ఆ మాట సరిపోయేది. వడియాలావిడ అడిగింది అది కాదు. పిల్లికి దురుద్దేశం ఉందని ఆవిడ కూడా అనుకోలేదు. పొద్దున్నుంచీ పడ్డ శ్రమ పాడైంది, ఆ పాడవడాన్ని నాతో పాటు మీరూ కాస్త పట్టుకుంటారా అన్నది ఆవిడ ప్రశ్న. మనకి తెలుగులో రెండు మంచి మాటలున్నాయి: తప్పు, పూచీ. తప్పు జరిగిపోయిన దాని గురించి, అది ఎవరు చేశారన్నది తేలుస్తుంది. పూచీ ఇక ముందు దాని గురించి, దీన్ని ఎవరు మోస్తారన్నది చెబుతుంది. అప్పు తీసుకున్నది ఇంకొకరైనా పూచీ పడ్డవాడు నిలబడతాడు. తను తప్పు చేశాడని కాదు, నేనున్నానని మాట ఇచ్చాడు కనక. ఒక ప్రాణికి పేరు పెట్టి గంట కట్టడం కూడా అలాంటి మాట ఇవ్వడమే. కానీ "తప్పు నాదా?" అని అడిగి, కాదని తేలగానే చేతులు దులుపుకోవడం మనకి అలవాటైపోయింది. తప్పు లేని చోట పూచీ కూడా ఉండదనే భ్రమలో బతుకుతున్నాం.

మర్యాద రామన్న పేర చెప్పుకునే పిల్లి కథ మీకు తెలిసే ఉంటుంది. నలుగురు దూది వర్తకులు ఎలుకల బెడదకి ఉమ్మడిగా ఒక పిల్లిని పెంచుకుని, తలా ఒక కాలు పంచుకున్నారు. ఒకడి వంతు కాలికి దెబ్బ తగిలితే వాడు నూనెగుడ్డ కట్టాడు. దానికి నిప్పంటుకుంది. పిల్లి పరుగెత్తి దూది బేళ్ళ మీద పడింది, కొట్టు కాలిపోయింది. కట్టు కట్టినవాడే నష్టం ఇవ్వాలని మిగతా ముగ్గురూ పట్టుబట్టారు. కుంటికాలు దానంతట అది నడవలేదు, దాన్ని దూది దగ్గరికి మోసుకెళ్ళింది బాగున్న మూడు కాళ్ళే కాబట్టి మీ ముగ్గురే చెల్లించాలని తీర్పు. చిన్నప్పుడు ఈ కథ విని తెలివికి నవ్వుకుంటాం. పెద్దయ్యాక చూస్తే ఎగతాళి వేరేచోట కనిపిస్తుంది. ఎలుకల్ని పట్టినంతకాలం అది నలుగురి పిల్లి, కాలి కొట్టు కనబడగానే ఒకడి కాలు. పిల్లిని కాళ్ళవారీగా పంచుకోవడం ఎంత హాస్యమో, దానివల్ల వచ్చే సంతోషాన్ని ఉంచుకుని ఇబ్బందిని విడదీయడం కూడా అంతే హాస్యం.

హితోపదేశంలో జరద్గవమనే ముసలి గద్ద కథ ఇంకా కటువైనది. చెట్టు మీది పక్షులు తమ పిల్లలకు దాన్ని కాపలా పెట్టుకున్నాయి. దీర్ఘకర్ణమనే పిల్లి వచ్చి ధర్మపన్నాలు చెప్పి చోటు సంపాదించింది. పక్షి పిల్లల్ని ఒక్కొక్కటే తిని, ఎముకల్ని గద్ద తొర్రలో పడేసి, పట్టుబడే వేళకి జారుకుంది. పక్షులు ఎముకల్ని చూసి గద్దనే చంపేశాయి. గుణం తెలియని వాళ్ళకి చోటివ్వకూడదని ఈ కథకు నీతి చెబుతారు. నాకు ఇంకొకటి కూడా వినిపిస్తుంది: చోటిచ్చినవాడి గుమ్మం దగ్గరే ఎముకలు పడతాయి. ఆ గద్దకి పడిన శిక్ష అన్యాయం, సందేహం లేదు. కానీ పక్షులు దాని దగ్గరికి వచ్చి అడగడం మాత్రం అన్యాయం కాదు.

చట్టాలు కూడా ఈ విషయంలో ఒక్క తాటి మీద లేవు. ఇంగ్లండులో 1971 నాటి జంతువుల చట్టం పక్కవాళ్ళ స్థలంలోకి చొరబడి నష్టం చేసిన పశువులకు వాటి యజమానిని బాధ్యుణ్ణి చేసింది. ఆ జాబితాలో గుర్రాలు, గాడిదలు, గొర్రెలు, మేకలు, పందులు, చివరికి కోళ్ళు కూడా ఉన్నాయి; పిల్లి లేదు. జర్మనీలోని వాల్‌డార్ఫ్‌లో 2022లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. నేల మీద గూడు కట్టుకునే, తల మీద కుచ్చున్న ఒక చిన్న పిట్ట కోసం ఊళ్ళో ఒక భాగంలో పిల్లుల్ని ఆగస్టు చివరిదాకా ఇళ్ళలోనే ఉంచాలని ఆదేశించారు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 2022 జులై 1 నుంచీ పుట్టిన పెంపుడు పిల్లుల్ని ఎల్లప్పుడూ ఇంటి ఆవరణలోనే ఉంచాలి. ఒకచోట పిల్లి తిరగడం స్వభావం, ఇంకోచోట నేరం. పిల్లి మాత్రం రెండు చోట్లా ఒకటే. మారింది మనుషులు మోయడానికి ఒప్పుకున్న బరువు.

మరి గోడకు ఇవతలివాళ్ళ బాధ్యత ఏమీ లేదా? ఉంది. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగని ఇరుగుపొరుగు శ్మశానంలోనే దొరుకుతుంది. పక్కింటి పోపు ఘాటు, పైవాళ్ళ రోలు చప్పుడు, ఎదురింటి పిల్లాడి క్రికెట్ బంతి, మన ఇంటి పెళ్ళి మైకు, ఇవన్నీ ఒకరికొకరు పడే చిల్లర అప్పులు. లెక్క తేల్చాలని కూర్చుంటే ఎవరూ ఎవరి పక్కనా బతకలేరు. ఇక్కడే ఆ పాత వాక్యం మళ్ళీ పనికొస్తుంది. మూలింటావిడ "అయ్యో, ఎన్ని పాడయ్యాయండీ? పిండి రుబ్బి పంపిస్తాను" అన్నారనుకోండి. వడియాలావిడ ఏమంటారు? నూటికి తొంభైమంది అనేది ఒకటే: "పోనీలెండి, పిల్లి అన్నాక నడవదా?"

అదే మాట. ఒక అక్షరం కూడా మారలేదు. పెంచినవాళ్ళ నోట వస్తే తప్పించుకోవడం, నష్టపోయినవాళ్ళ నోట వస్తే క్షమించడం. మాట నిజమా కాదా అని చూడటం ఒక్కటే సరిపోదు, అది ఎవరి సొత్తో కూడా చూడాలి. క్షమించే వాక్యం నష్టపోయినవాళ్ళ సొత్తు. దాన్ని ముందే లాక్కుని మనమే అనేస్తే, వాళ్ళకి వడియాలు పోయినందుకు కాదు, పెద్దమనసు చూపించే అవకాశం కూడా పోయినందుకు కోపం వస్తుంది.

ఇదంతా వడియాలతో ఆగితే ఇంత రాయక్కర్లేదు. తర్వాత కొన్నాళ్ళకి లడ్డూ తొమ్మిది రోజులు కనిపించలేదు. గోనెసంచిలో వేసి ఊరి చివర వదిలేసి ఉంటారని ఒకరు, మందు పెట్టి ఉంటారని ఒకరు అన్నారు. ఎవరూ పేరు చెప్పలేదు. అందరూ ఒక డాబా వైపే చూశారు. జంతువుని చంపడం, అంగవైకల్యం కలిగించడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద శిక్షార్హమని ఒకాయన ఆ ఇంటి ముందే నిలబడి గట్టిగా వివరించారు. పదో రోజు పిల్లి బక్కచిక్కి తిరిగొచ్చింది. ఎక్కడికెళ్ళిందో దానికే తెలుసు. మూడిళ్ళలోనూ దానికి పాలు పోశారు. వడియాలావిడకి మాత్రం ఎవరూ "మిమ్మల్ని అనుమానించాం" అని చెప్పలేదు. పిల్లి వచ్చింది, మాటలు రాలేదు. మాటల్లేని చోట కోపం దిగడానికి నోరులేని ప్రాణి ఒకటి దొరుకుతుంది. ఈసారి తప్పిపోయి బతికింది, అంతే. గోడకు అటూ ఇటూ మోయాల్సిన బరువు ఎవరూ మోయకపోతే అది చివరికి పడేది పిల్లి మీదే.

ఇంకొక లెక్క మిగిలింది, దాన్ని ఏ పెద్దమనసూ తీర్చలేదు. అదే లడ్డూ గుమ్మంలో తెచ్చి పడేసే పిచ్చుకలూ ఉడుత పిల్లలూ. పిల్లి అన్నాక పట్టదా అని పిచ్చుక తరఫున క్షమించడానికి మనకి హక్కు లేదు. అక్కడ నష్టపోయినవాళ్ళు గుమ్మం ముందుకొచ్చి అడగరు. అడిగేవాళ్ళు లేనప్పుడు కూడా పూచీ ఉంటుందా అన్నదే అసలు పరీక్ష. పక్షులు గూళ్ళు పెట్టే రోజుల్లో తెల్లవారుజామునా మునిమాపు వేళా పిల్లిని లోపల ఉంచడం పెద్ద త్యాగమేమీ కాదు, తలుపు వెయ్యడం.

పిల్లికి ధర్మం నేర్పలేం. నేర్పాలని చూస్తే అది మన వంక చూసి, ఆవులించి, గోడెక్కుతుంది. అది నేర్చుకోనవసరం లేదు కూడా. గంట కట్టినవాళ్ళు ముందు "అయ్యో" అంటే, వడియాలు పెట్టినవాళ్ళు తర్వాత "పోనీలెండి" అంటారు. ఈ రెండు మాటలూ ఈ వరసలో వచ్చినంతకాలం ఆ గోడ ఎంత ఎత్తున్నా ఫరవాలేదు.